కాకి ముట్టని ముద్ద

"గొంతు తగ్గించత్తా! లోపలికి వినపడుతుంది."

"వినపడనీ. ఎన్నాళ్ళని దాస్తావు? పెండ్లాం దగ్గర దాస్తివి, డాక్టరమ్మ దగ్గర దాస్తివి. రేపు నేను చస్తే నా చావు గూడా దాస్తావేమో!"

వెంకటలక్ష్మమ్మ గొంతు తగ్గించలేదు సరికదా, అల్లుడి ఇంటి వరండా మెట్టు మీద చతికిలబడి, ఒళ్ళోని స్టీలు డబ్బాను రెండు చేతులా ఇంకా గట్టిగా పట్టుకుంది. డబ్బాకు తడిగుడ్డ చుట్టి ఉంది. బనగానపల్లె నుంచి కర్నూలు దాకా బస్సులో దాన్ని ఒళ్ళోంచి దించలేదట. నేల మీద పెట్టకూడదట.

సుదర్శన్ ఆ డబ్బా వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు. అందులో ఏముందో ఆమె వస్తూనే చెప్పేసింది. పొద్దున జుర్రేటి గట్టున ఆమె కొడుకు ప్రదీప్‌కుమార్ పెద్దకర్మలో పెట్టిన అన్నం. కాకి ముట్టని అన్నం.

"మొత్తం ఏట్లో కలిపెయ్యమన్నాడు అయ్యవారు. ఒక్క ముద్ద మాత్రం కలపనీయలేదు నేను," అంది ఆమె. "కాకులు రాలేదా అంటే వచ్చినాయప్పా. చుట్టూ కూచున్నాయి. వానికిష్టమని మొదటి కోత బేనిషా మామిడిపండు పెట్టినాం. వడలు పెట్టినాం. చూసినాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. మీ మామ చేతులు జోడించి, నీకేం కావల్లో చెప్పురా కొడకా, చేస్తాం అని ఏడ్చినాడు. కడాకు నేను, మీ అక్కను బాగా చూసుకుంటాం లేరా అంటి. ఆ మాట అంటూనే అన్నీ ఒక్కసారి లేచి పోయినాయి. ఈ దిక్కుకు. కర్నూలు దిక్కుకు."

"కర్నూలుకని బోర్డు కట్టుకొని పోయినాయా కాకులు?"

అనేసి నాలుక కరుచుకున్నాడు సుదర్శన్. కొడుకు పోయిన తల్లితో అనే మాట కాదది. కానీ పది రోజులుగా అతనికి నిద్ర లేదు. నిద్ర లేని మనిషి నోటికి గొళ్ళెం ఉండదు.

ఆమె కోపగించుకోలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఎగతాళి చెయ్యి నాయనా. బట్టల అంగట్లో మీటరు కొలిచినట్ల అన్నీ కొలుస్తావు నువ్వు. ఇది కొలతకు దొరికేది కాదు. వాని రక్తం ఇంకా తిరుగుతాండాది, నా బిడ్డ ఒంట్లో. మీ డాక్టరమ్మే గదా చెప్పింది, ఇంక ఉదయశ్రీ రక్తం తన రక్తం కాదు, తమ్ముని రక్తమే అని? మనిషి సగం ఈడ ఉండె. సగం మనిషికి కూడు పెడితే ఎట్ల ముడతాడు? ఇది ఉదయశ్రీ చేతితో పెట్టల్ల. అప్పుడు ముడతాడు. ముట్టి పోతాడు నా కొడుకు."

సుదర్శన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు గడప దాటితే నేనూరుకోను అత్తా."

అతని భయంలో తప్పు లేదు. ఉదయశ్రీకి రక్తంలో వచ్చిన క్యాన్సరును చంపడానికి మందులు ఎక్కించి, ఆమె ఎముకల్లోని మూలుగనంతా మాడ్చేశారు. ఖాళీ అయిన ఆ చోట తమ్ముడి రక్తంలోంచి తీసిన మూలకణాలను నాటారు. అవి వేరూని కొత్త రక్తం పుట్టించేదాకా చిన్న జలుబు కూడా ఆమె ప్రాణం తీయగలదు.

వేరేచోట్ల ఇలాంటివాళ్ళను నెలల తరబడి అద్దాల గదిలో పెడతారు. డాక్టర్ మధులత పద్ధతి వేరు. "ఆసుపత్రిలో కన్నా శుభ్రమైన ఇంట్లోనే సూక్ష్మజీవులు తక్కువ. ఆసుపత్రి వెనకాల ఇల్లు తీసుకోండి. రోజూ పొద్దున తీసుకొచ్చి చూపించి, ఇంటికి తీసుకుపోండి. కానీ ఇంటిని గర్భగుడిలాగా చూసుకోవాలి," అంది.

అలాగే చూసుకుంటున్నాడు సుదర్శన్. లోపలికి పోవాలంటే తలస్నానం చేయాలి, ఉతికిన బట్ట కట్టాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. పచ్చి కూర లేదు, పండు లేదు, పూలు లేవు, బయటి మెతుకు లేదు. మడికి పెట్టింది పేరైన వాళ్ళమ్మ బతికుంటే ఈ మడి చూసి ముక్కున వేలేసుకునేది.

ఇంతా చేసి అతను ఒక్క తప్పు చేశాడు. మూలకణాలిచ్చిన ప్రదీప్, పాణ్యం దగ్గర లారీ గుద్ది చచ్చిపోయిన సంగతి ఉదయశ్రీకి చెప్పలేదు. చెబితే ఆగుతుందా? తమ్ముడి శవం మీద పడి ఏడవడానికి పరిగెత్తేది. ఊరి జనమంతా ఆమె మీద పడి ఏడ్చేవారు. అందుకని బెంగళూరు మండీకి మామిడికాయలు తోలుకొని పోయాడని చెప్పాడు. డాక్టరమ్మతో చెబితే ఆమె నోటి నుంచి జారుతుందని ఆమెకూ చెప్పలేదు.

అబద్ధం బాగానే అతికింది. అతకనిది ఒక్కటే. ఉదయశ్రీ దాన్ని విని నవ్వింది.

"బెంగళూరేంది? మధ్యాన్నం వచ్చిపోయె గదా వాడు," అంది.

శవాన్ని కాల్చి వచ్చిన మరునాడది. మందుల మత్తు అనుకున్నాడు. ఆ మరునాడూ అదే మాట. ఎండ నడినెత్తికొచ్చి వీధిలో పిట్ట కూడా కదలని వేళ, కిటికీ బయట వేపచెట్టు కింద వచ్చి నిలబడతాడట.

"లోపలికి రారా, స్నానం చేసి రా అంటే, చేసే వచ్చినక్కా, చూడు తల తడి ఉండాది అంటాడు. మరి మూతికి గుడ్డ ఏదిరా అంటే, నాకు అక్కరలేదు లేక్కా, నా ఊపిరి నీకు తగల్దు అంటాడు. వాని ఎగతాళి వానిది!"

పాడె మీద పెట్టేముందు ఆ తల మీద నీళ్ళు పోసింది సుదర్శనే. జుట్టు తుడవడానికి ఎవరి చేతులూ ఆడలేదు. అలాగే తడితలతోనే తీసుకుపోయారు.

"అమ్మా! నువ్వేనా వచ్చింది?"

లోపలి నుంచి ఉదయశ్రీ గొంతు.

"అమ్మ అయితే కిటికీ కాడికి రమ్మనండి. అట్ల దూరంగా నిలబడితే ఏమీ కాదు."

సుదర్శన్ అత్త ముఖంలోకి చూశాడు. చేతులు జోడించాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, డబ్బాను కొంగు చాటున పెట్టుకొని లేచింది. కడుపులో అగ్గి పెట్టుకొని పైకి నవ్వడం ఆడదానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

కిటికీ రెక్క తెరుచుకుంది. ఊచల వెనక ఉదయశ్రీ. జుట్టంతా రాలిపోయి తల నున్నగా ఉంది. మూతికి గుడ్డ. కళ్ళు మాత్రమే పెద్దగా, లోతుగా.

"ఎట్లుండావు తల్లీ?"

"బాగుండా. నోరు చప్పగా ఉండాది. పచ్చి మామిడికాయ ఉప్పు కారం అద్దుకొని తినల్లని పానం లాగుతాంది. నేనెప్పుడన్నా పుల్లటిది తింటినా అమ్మా? వాడు రక్తమిచ్చిన పొద్దే చెప్పినాడు. నా రక్తం నీలోకి పోతే నాలాగా మామిడికాయ పిచ్చి పడుతుందక్కా, బావను ఊరగాయ జాడీ దాచుకోమను అని." ఆమె నవ్వింది. "నాయన ఏడి? ఒక్కదానివే వస్తివా?"

వెంకటలక్ష్మమ్మ గేటు వైపు చూసింది. నాగసుబ్బయ్య గేటు బయటే ఉన్నాడు. నెత్తిన తువ్వాలు కప్పుకొని, రమ్మన్నా రాకుండా గోడనీడలో నిలబడ్డాడు.

"అదిగో, నాయన కాలిజోడు కనపడతాండాది గేటు సందున. నాయనా! ఏమిటికి ఆడ నిలబడినావు? రా!"

కూతురు పిలిస్తే రాకుండా ఉండే తండ్రి కాదు. వచ్చాడు. రెండడుగులు వేశాడో లేదో, వేడిగాలి కొట్టి తువ్వాలు జారింది. గుండు. మీసాలు కూడా లేవు. పెళ్ళి కాని కొడుక్కు కొరివి పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేక తండ్రే పెట్టాడు. మరి కొడుకు పోయిన తండ్రి తల అది.

"గుండు ఏంది నాయనా?"

"తిరపతి," అన్నాడు నాగసుబ్బయ్య. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, దేవుడే అందించినట్టు వచ్చింది. "తిరపతి పోయి వస్తిని. నీకు బాగయితే ఇస్తానని మొక్కుకొని ఉంటి. ముందే ఇచ్చేస్తే స్వామి బాకీ పడతాడు గదా అని..."

సుదర్శన్ మనసులో మామకు దండం పెట్టుకున్నాడు. ఇంత చక్కని అబద్ధం పది రోజుల్లో తనకు ఒక్కటీ తట్టలేదు.

ఉదయశ్రీ తండ్రి గుండు చూసింది. తన గుండు నిమురుకుంది.

"ఇద్దరం ఒకే తీరుగా ఉండాం," అంది. "పెసాదం ఏది?"

"ఆ?"

"తిరపతి లడ్డు."

"నువ్వు బయటిది తినగూడదంట గదమ్మా. అందుకని..."

"తినేదానికి కాదు నాయనా. కండ్లకద్దుకునేదానికి. మన అంగట్లో కూలోళ్ళు పోయి వస్తే గూడా వీధంతా పంచుతావు నువ్వు. కూతురు మొక్కుకు పోయి, ఇంత పొట్లం చేతిలో పెట్టుకోకుండా కొండ దిగి వస్తివా?"

నాగసుబ్బయ్య చేత్తో గోడ పట్టుకున్నాడు.

ఉదయశ్రీ చూపు తిప్పి తల్లి ముఖం చూసింది. ఆమె తలకు నూనె లేకపోవడం చూసింది. కొంగు చాటున తడిగుడ్డ చుట్టిన డబ్బా చూసింది. చూసి, కిటికీ ఊచను పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఏడిస్తే సుదర్శన్ తట్టుకునేవాడేమో. ఆమె ఏడవలేదు.

సరిగ్గా అప్పుడే సుదర్శన్ జేబులో సెల్‌ఫోను మోగింది. డాక్టర్ మధులత. పక్కకు పోకుండా అక్కడే ఎత్తాడు.

"సుదర్శన్ గారూ, పొద్దున తీసిన రక్తం రిపోర్టు చూశాను. తెల్లకణాలు ఇంకా పడిపోయాయి. తమ్ముడి కణాలు మొదట బాగానే పట్టుకున్నాయి. ఎందుకో పది రోజులుగా వదిలేస్తున్నాయి."

పది రోజులుగా. ఆ సంగతి సుదర్శన్‌కు తెలియనిది కాదు. ప్రదీప్ పోయిన నాటి నుంచే ఆ కణాలు తగ్గుముఖం పట్టాయి. ఎవరితోనూ ఆ మాట అనలేదు. తనలో తాను కూడా అనుకోకుండా ఉండాలని చూశాడు.

"ఇప్పుడు ఏం చేయాల డాక్టరమ్మా?"

"దారి ఉంది. భయపడొద్దు. ఆమె తమ్ముడి నుంచి ఇంకోసారి కణాలు తీసి ఎక్కిద్దాం. పోయినసారి తీసినవన్నీ ఎక్కించేశాం, దాచినవి లేవు. అతన్ని రేపే రమ్మనండి. ఆలస్యం చేస్తే నేనేమీ చేయలేను."

ఫోను పెట్టేసింది. ఆమె గొంతు గట్టిది. వరండాలో ఉన్న నలుగురిలో వినపడనివాళ్ళు లేరు. నలుగురు అని ఎందుకనుకున్నాడో సుదర్శన్‌కు తెలియదు. బయట ఉన్నది ముగ్గురే.

"ఇంకా కావల్లంటనా వాని రక్తం?" అంది వెంకటలక్ష్మమ్మ మెల్లగా.

సుదర్శన్ తల వంచుకున్నాడు. ఇప్పుడు డాక్టరమ్మకు చెప్పక తప్పదు. చెబితే ఆమె మాత్రం ఏం చేస్తుంది? బూడిదలోంచి రక్తం తీస్తుందా?

"అమ్మా," అంది ఉదయశ్రీ కిటికీలోంచి. "ఆ డబ్బాలోది నాకియ్యి."

"దేన్నమ్మా?"

"వాడు నిన్న చెప్పినాడు. రోజూ ఎండలో ఏమిటికి నిలబడతావురా, ఇంటికి పో అంటి. పోవల్లనే ఉండాదక్కా, రేపు అమ్మ అన్నం పెడుతుంది, అది నేను ముట్టలేను, నువ్వు పెట్టల్ల అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏమిరా, అమ్మ మీద అలిగినావా అని నవ్వితి." ఆమె తలను ఊచకు ఆనించింది. "నవ్వితి నేను వాన్ని చూసి."

వరండాలో జరిగిన గొడవ ఆమెకు వినపడి ఉంటుందా? కిటికీ రెక్కలు అప్పుడు మూసే ఉన్నాయి. వినపడే ఉంటుంది, సుదర్శన్ గట్టిగా అనుకున్నాడు. అలా అనుకోకపోతే అతను ఆ ఇంట్లో పడుకోలేడు.

వెంకటలక్ష్మమ్మ తడిగుడ్డ విప్పింది. నువ్వులు కలిపిన తెల్లటి ముద్ద.

"ఉదయా, వద్దు!" సుదర్శన్ కిటికీ దగ్గరికి ఉరికాడు. "బయటి కూడు, ఒట్టి చేత్తో... డాక్టరమ్మ ఇప్పుడే గదా చెప్పింది. నీ ఒంట్లో కాపాడే కణం ఒక్కటి లేదు. వినూ!"

"నాకు తమ్ముడు గూడా లేడు. అది గూడా పది రోజులు దాస్తిరి మీరు."

ఆ మాటకు అతని చెయ్యి ఊచల మీదే ఆగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఊచల సందులోంచి సన్నని చెయ్యి బయటికొచ్చింది. మణికట్టు నుంచి మోచేతి దాకా సూదులు గుచ్చిన నల్లమచ్చలు. తల్లి ఆ అరచేతిలో ముద్ద పెట్టింది. పెట్టేటప్పుడు వేలికి వేలు తగిలింది. నెల దాటింది తల్లీకూతుళ్ళు ఒకరినొకరు ముట్టుకొని.

నాగసుబ్బయ్య గోడ పట్టుకునే ఉన్నాడు. "కావ్ కావ్ అని పిలువు," అన్నాడు భార్యతో.

పిలవనక్కరలేకపోయింది. వేపచెట్టు కొమ్మ ఊగింది. కాకి దిగింది. ఒక్కటే. ఎండకు నోరు తెరుచుకొని, మెడ పక్కకు వంచి, కిటికీ గట్టు మీదికి ఎక్కింది. దాని నెత్తి మీది ఈకలు తడిసి అతుక్కొని ఉన్నాయి. ఎక్కడో కుళాయి కింద తడిసి ఉంటుంది. ఆ వీధిలో కుళాయికి నీళ్ళు వచ్చి మూడు రోజులయింది.

ఉదయశ్రీ ఆ ముద్ద పట్టుకుందని ఇంతవరకు సుదర్శన్‌కు ఒక భయం. కాకి దాన్ని ముడుతుందేమోనని ఇప్పుడు ఇంకో భయం. అత్త చెప్పిందే నిజమైతే, కాకి ముడితే ప్రదీప్ వెళ్ళిపోతాడు. వెళ్ళేవాడు తన రక్తాన్ని ఆమె ఒంట్లోనే వదిలి వెళ్తాడా? మీటరు కొలిచే మనిషి, ఇలాంటి లెక్క వేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వేశాడు.

కాకి ఒక్క గంతు వేసింది. ముక్కు అరచేతికి జానెడు దూరంలో ఉంది.

ఉదయశ్రీ వేళ్ళు ముడుచుకున్నాయి. ముద్ద పిడికిట్లోకి పోయింది.

"తెరువమ్మీ," అంది తల్లి. "తెరువు. ఆకలితో ఉండాడు వాడు. ఇయ్యి, పోతాడు."

"ఇస్తే పోతాడు గదమ్మా."

"పోవల్ల తల్లీ. పోకుంటే యాడ తిరుగుతాడు, ఈ ఎండలో?"

"నాకు బతకల్లని ఉండాదమ్మా." ఉదయశ్రీ అప్పుడు ఏడ్చింది. మూతి గుడ్డ తడిసిపోయింది. "వాడు గూడా పోతే నా ఒంట్లో ఇంకేముండాది? పోవద్దురా ప్రదీపూ. ఇంకా కొన్నాళ్ళుండు. ఎండయినా, ఆకలయినా ఉండురా. నాకోసరం ఉండు."

పిడికిట్లోంచి నలిగిన మెతుకులు రెండు గట్టు మీద రాలాయి. కాకి వాటి వైపు తల దించింది.

వెంకటలక్ష్మమ్మ కొడుకు కోసం బస్సులో ఇరవై ఊళ్ళు దాటి వచ్చిన మనిషి. ఆ మెతుకు మీద కాకి ముక్కు పడటం చూడడానికే వచ్చింది. కాకిని చూసింది. సూదిమచ్చల పిడికిలిని చూసింది. ఆమె ముఖంలో ఏదో విరిగింది.

కొంగు విదిలించింది.

"హుష్," అంది. "హుష్!"

కాకిని తోలేటప్పుడు ఎవరైనా పక్కన చేర్చే 'పో' అన్న మాట మాత్రం ఆమె నోటి నుంచి రాలేదు. గట్టు మీది మెతుకులను అరచేత్తో తుడిచి కొంగులో పోసుకొని, మూట కట్టి, బొడ్లో దోపుకుంది. దోపుకొని నేల మీద కూలబడి, బిడ్డను కొట్టిన తల్లిలాగా ఏడ్చింది.

సుదర్శన్ ఊచల్లోంచి చెయ్యి పెట్టి భార్య మణికట్టు పట్టుకున్నాడు. కాలిపోతోంది. జ్వరం. పొద్దున లేదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఇప్పుడే.

ఫోను మళ్ళీ మోగింది.

"సుదర్శన్ గారూ, ఏర్పాట్లు చేయమని చెప్పేశాను. మీ బావమరిది రాగలడా? ఊళ్ళో ఉన్నాడా, లేదా?"

సుదర్శన్ తలెత్తాడు. కాకి ఎగిరిపోలేదు. ప్రహరీ గోడ ఎక్కి, తడితల ఇటు తిప్పి, ఆ కిటికీనే చూస్తూ కూర్చుంది.

"ఉండాడు డాక్టరమ్మా," అన్నాడు. "ఈడనే ఉండాడు."